ముహూర్తానికి ముదురు గుమ్మడి

  

మన ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలోను, కొల్లేటి గ్రామాల్లోను పెళ్ళి భోజనం అంటే దప్పళం ఉండాలి. దప్పళం అంటే అందులో గుమ్మడి ముక్క ఉండాలి. ములక్కాడ, ఆనపకాయ, బెండకాయ, చిలగడదుంప ఎన్ని వేసినా, చింతపండు పులుపుకు తగిన తీపినిచ్చి పులుసును చిక్కబరిచేది గుమ్మడే.

ఇంత ముఖ్యమైన కాయను మనం కొనే తీరు ఎలా ఉన్నదో ఒక్కసారి చూడండి. చీరలకు నెల రోజులు తిరుగుతాము. నగలకు రెండు నెలలు తిరుగుతాము. గుమ్మడికాయలకు మాత్రం పెళ్ళి ముందురోజు సాయంత్రం, అదీ వంటవారు గుర్తుచేసిన తరువాత, ఇంట్లో కుర్రవాణ్ణి బజారుకు తోలుతాము. వాడు కొట్లో అన్నిటికంటె పెద్దవి, నున్నగా పచ్చగా నిగనిగలాడేవి ఏరి తెస్తాడు. తెల్లవారుజామున కత్తిపీట మీద పెట్టి కోస్తే లోపల పాలిపోయిన కండ, పొల్లు గింజలు! ఉడికిస్తే నీరు కారిపోతుంది. తీపి ఉండదు, రంగు ఉండదు. అయిదువందల మంది విస్తళ్ళ ముందు కూర్చునే వేళకు వేరే కాయలు ఎక్కడనుంచి తెస్తాము?

ఇందులో కుర్రవాడి తప్పేమీ లేదు. సగం తప్పు ముందుగా చూసుకోని పెళ్ళివారిది. మిగతా సగం, నిష్ఠూరమైనా చెప్పుకోవాలి, రైతుది. ముహూర్తాల రోజుల్లో ధర పలుకుతున్నదని లేతకాయ కోసి బండికెత్తితే ఆ ఏడాదికి నాలుగు డబ్బులు రావచ్చును. కాని ఆ కాయ తిన్నవారు మళ్ళీ మీ పొలం గట్టు ఎక్కరు.

కాబట్టి నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. పెళ్ళి గుమ్మడికి ప్రధానం పరిమాణం కాదు, పక్వం. ఆ పక్వం రావాలంటే ముహూర్తం నుంచి వెనక్కు రోజులు లెక్కపెట్టుకోవాలి. నాలుగైదు నెలల ముందే గిరాకీ ఏ నెలలో ఉంటుందో పంచాంగం చూసి చెప్పగల పంటలు రైతుకు ఎన్ని ఉన్నాయి చెప్పండి? గుమ్మడి అలాంటి పంట.

ఏ గుమ్మడి దేనికి?

మనం రెండు వేర్వేరు కాయలను గుమ్మడి అనే పిలుస్తాము. ఒకటి మంచి గుమ్మడి. దీనినే తియ్య గుమ్మడి, ఎర్ర గుమ్మడి అంటారు. రెండవది బూడిద గుమ్మడి. రెండూ ఒక కుటుంబానివే అయినా జాతులు వేరు. బూడిద గుమ్మడి ఆసియాలో అనాదిగా ఉన్నది. మంచి గుమ్మడి అమెరికా ఖండపు కాయ. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తరువాత సముద్ర వర్తకుల ద్వారా ప్రపంచమంతా పాకి, మనదాకా వచ్చి, మన పందిరి ఎక్కి కూర్చున్నది. ఈనాడు దప్పళానికి దానిని మించినది లేదు.

దప్పళానికి, తీపి కూరకు మంచి గుమ్మడి. వడియాలకు, హల్వాకు, గృహప్రవేశానికి, దిష్టి తీయడానికి బూడిద గుమ్మడి. ఆగ్రా పేఠా అనే మిఠాయి కూడా బూడిద గుమ్మడితో చేసేదే. సినిమావారు చిత్రీకరణ ముగిసిన రోజున గుమ్మడికాయ కొట్టడమూ మీరు వినే ఉంటారు. పెళ్ళివారు ‘గుమ్మడికాయలు కావాలండీ’ అని వచ్చినప్పుడు ‘ఏ గుమ్మడండీ, దేనికండీ?’ అని మొదట అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం పొరపాట్లు తప్పుతాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇది పనికివచ్చే సంగతే. అక్కడ అక్టోబరులో ముఖాలు చెక్కి గుమ్మాల్లో పెట్టే నారింజ రంగు కాయ దప్పళానికి పనికిరాదు, దాని కండ పలచన, నీరు ఎక్కువ. సొరకాయ ఆకారంలో గోధుమరంగుగా ఉండే బటర్‌నట్ అనే కాయది మన మంచి గుమ్మడి జాతే. దప్పళానికి అది బాగా కుదురుతుంది.

కాయను చూడటం ఎలా?

మొదట తొడిమ చూడండి. పక్వానికి వచ్చిన మంచి గుమ్మడి తొడిమ ఎండి, గట్టిపడి, బెండులాగా గోధుమరంగుకు తిరుగుతుంది. తొడిమ ఇంకా పచ్చగా, రసం ఊరుతూ ఉంటే అది తొందరపడి కోసిన కాయ. తొడిమే లేకుండా అమ్మకానికి పెట్టిన కాయను నిలవకు కొనకండి. తొడిమ ఊడిన చోటనుంచే కుళ్ళు మొదలవుతుంది.

రెండవది గోటి పరీక్ష. బొటనవేలి గోరు తొక్క మీద నొక్కితే దిగబడకూడదు. దిగబడితే కాయ లేత.

మూడవది రంగు. ముదిరేకొద్దీ ఆకుపచ్చ తగ్గి లేత గోధుమరంగో, పసుపో, నారింజరంగో వస్తుంది. కొన్ని రకాలలో ఆకుపచ్చ చారలు చివరిదాకా ఉంటాయి. అటువంటప్పుడు కాయను తిప్పి, నేలను ఆనిన చోట చూడండి. అక్కడ తెలుపు పోయి ముదురు పసుపు వచ్చి ఉండాలి.

నాలుగవది బరువు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయలను రెండు చేతులతో ఎత్తి చూసి బరువైనది తీసుకోండి. తేలికగా ఉన్న కాయలో కండ పలచనై, లోపల డొల్ల ఎక్కువగా ఉంటుంది.

అయిదవది గాయాలు. సూదితో పొడిచినట్లు చుక్కలు, వాటినుంచి కారి ఎండిన జిగురు కనబడితే పండు ఈగ గుడ్లు పెట్టిందన్నమాట. పైకి బాగానే ఉన్నా లోపల పురుగులుంటాయి. మెత్తబడిన చోటు రూపాయి బిళ్ళంత ఉన్నా ఆ కాయ వద్దు.

ఇవన్నీ చూసిన తరువాత లాటులో ఒక కాయను కోయించి చూడండి. ఆ కాయ ఖరీదు కొనేవారే ఇవ్వడం మర్యాద. కండ కుంకుమపువ్వు రంగులో, మందంగా ఉండాలి. గింజలు నిండుగా, గట్టిగా ఉండాలి. పొల్లు గింజలున్నాయంటే లాటంతా లేతదని అనుమానించండి.

బూడిద గుమ్మడికి గుర్తులు వేరు. లేత కాయ మీద నూగు ఉంటుంది. ముదిరేకొద్దీ నూగు రాలి, కాయంతా తెల్లని బూడిద పట్టుతుంది. ఆ బూడిద ఒక రకమైన మైనపు పూత, కాయలోని తేమను కాపాడుతుంది. కనుక దానిని తుడవవద్దు, కాయను కడగవద్దు. ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు’ అనే సామెత ఈ బూడిదను చూసి పుట్టినదే. మోసినవాడి భుజానికి బూడిద అంటకపోతే, ఆ కాయ ఇంకా ముదరలేదని మనం అనుకోవచ్చును.

ఒక్క చేదు కాయ చాలు

ఇది ముఖ్యమైన హెచ్చరిక, శ్రద్ధగా గమనించండి. గుమ్మడి, ఆనప, దోస జాతులలో అప్పుడప్పుడు ఒక కాయ విషంలా చేదుగా ఉంటుంది. దానికి కారణం కుకుర్బిటసిన్ అనే పదార్థం. ఉడికించినా అది పోదు. తిన్నవారికి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చును. ఒక ఇంట్లో అయితే నలుగురికి బాధ. పెళ్ళిలో అయితే గుండిగెడు పులుసు పాడై, వందలమంది ఆరోగ్యం మీదికి వస్తుంది.

అందుచేత కోసిన ప్రతి కాయ నుంచీ చిన్న పచ్చి ముక్క నాలుకకు తాకించి చూసి ఉమ్మివేయాలి. లాటుకొక కాయ చూస్తే చాలదు, ప్రతి కాయా చూడాలి. చేదు తగిలితే ఆ కాయను పూర్తిగా పారవేయాలి, పశువులకు కూడా పెట్టరాదు. ఈ పని ఫలానావారిదని ముందుగానే వంటవారిలో ఒకరికి అప్పగించండి. యాభై కాయలు రుచి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఎంత కావాలి?

లెక్క ఇలా వేసుకోండి. నాలుగైదు రకాల కూరగాయలు పడే దప్పళంలో మనిషికి 60 గ్రాముల గుమ్మడి ముక్కలు సరిపోతాయి. గుమ్మడి ఒక్కటే వేసి కూర గాని పులుసు గాని చేస్తే 100 గ్రాములు అనుకోండి. తొక్క, గింజలు, పీచు తీసివేస్తే కాయ బరువులో సుమారు పావు వంతు పోతుంది.

అయిదువందల మందికి దప్పళం అంటే 30 కిలోల ముక్కలు. అందుకు 40 కిలోల కాయ కావాలి. అయిదేసి కిలోల కాయలైతే ఎనిమిది. చెడినా, చేదు తగిలినా ఆదుకోవడానికి మరో రెండు కలుపుకొని పది తీసుకోండి. పదిహేను కిలోల కాయలు మూడు తెచ్చేకంటె ఇదే మేలు. పెద్ద కాయ ఒకటి చెడితే మూడో వంతు పోతుంది. అయిదు కిలోల కాయ చెడితే మరొకటి కోసుకుంటాము. పందిట్లో అందరూ చూడాలని ఒక పెద్ద కాయ తెచ్చుకోండి, వద్దనను. వంటకు మాత్రం నాలుగు నుంచి ఆరు కిలోల కాయలు తీసుకోండి.

వెనక్కు లెక్కపెట్టడం

ఇక రైతు సంగతి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తీక మార్గశిరాలు పెళ్ళిళ్ళ కాలం. మూఢమో, అధికమాసమో వచ్చిన ఏడు ముహూర్తాలు ముందుకో వెనక్కో జరుగుతాయి. అందుకని ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలున్న నెలలు గుర్తుపెట్టుకోవాలి.

విత్తిన నాటినుంచి పక్వానికి వచ్చేవరకు రకం పంటకాలం, ఆపైన కాయ ఆరడానికి పది రోజులు, వానకో మబ్బుకో మరో పది రోజులు కలపండి. 120 రోజుల రకమైతే ముహూర్తానికి 140 రోజుల ముందు గింజ నేలలో పడాలి. ఫిబ్రవరి 20న ముహూర్తమనుకోండి, అక్టోబరు 3 నాటికి విత్తాలి.

అన్ని రకాలకూ ఒకే లెక్క కుదరదు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రకం అర్కా చందన్ సుమారు నాలుగు నెలల పంట, కాయ రెండు మూడు కిలోలు. కోయంబత్తూరు నుంచి వచ్చిన కో-1 గుమ్మడి కాయ ఏడెనిమిది కిలోలు తూగుతుంది గాని ఆరునెలలకు దగ్గరగా పడుతుంది. కో-2 కాయ రెండు కిలోలు మించదు, నాలుగున్నర నెలల పంట. నాటు రకాలలో మీ ఊరి అనుభవమే మీకు గురువు. గింజ కొన్ననాడే దాని పంటకాలం అడిగి, గోడమీద బొగ్గుతో నైనా రాసిపెట్టుకోండి.

కార్తీక మార్గశిరాల పెళ్ళిళ్ళకు జూన్, జూలై నెలల్లో విత్తాలి. మాఘమాసానికి సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట. వైశాఖ జ్యేష్ఠాలకు డిసెంబరు, జనవరి. శ్రావణానికి ప్రత్యేకంగా నడివేసవిలో విత్తితే ఎండలకు పిందె సరిగా నిలవదు. జ్యేష్ఠంలో పండిన ముదురు కాయనే నిలవచేసి శ్రావణంలో అమ్ముకోవాలి.

పాదుకు మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచిన తరువాత బలమైన రెండు మొక్కలుంచండి. గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు పూలు కోసే పిల్లలకు ఈ తేడా చూపించి, పిందె ఉన్న పువ్వు ముట్టవద్దని చెప్పండి. మగపూలనైనా అన్నీ కోయనివ్వకండి. తేనెటీగ మగపువ్వు మీద వాలి ఆడపువ్వు మీదికి వస్తేనే కాయ నిలుస్తుంది. ఆ పని ఉదయంపూట జరుగుతుంది గనుక పూత సమయంలో ఉదయం పురుగుమందు చల్లకండి. బూడిద తెగులు వచ్చినదని గంధకం చల్లకండి, ఈ జాతి ఆకులు మాడిపోతాయి.

కాయ నిలిచిన తరువాత పక్వానికి సుమారు నెలన్నర పైగా పడుతుంది. ఇక్కడ ఒక చిన్న ఉపాయం. పిందె నిలిచిన వారాన్ని బట్టి తొడిమ దగ్గర ఒక్కో వారానికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టండి. కోత రోజున ఏ కాయ ముందుదో, ఏది వెనుకదో ఊహించనక్కరలేదు. ముహూర్తానికి యాభై రోజుల లోపల పుట్టిన పిందె ఆ పెళ్ళికి అందదు. దానిని లేతగా కూరకు అమ్మండి, లేదా తరువాతి ముహూర్తానికి ఉంచండి. దానిని ముదురు కాయల బుట్టలో మాత్రం కలపకండి.

నేల, మార్కెట్టు

మెట్టలో నల్లజర్ల, ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపు నీరు నిలవని ఎర్ర గరప నేలలు గుమ్మడికి అనువైనవి. లేత ఆయిల్‌పామ్ తోటల్లో మొదటి మూడేళ్ళు చెట్ల మధ్య ఖాళీలో అంతరపంటగా పెట్టుకోవచ్చును. తీగలు మాత్రం మొక్కల మీదికి పాకకుండా మళ్ళించాలి.

కొల్లేటి చుట్టూ నల్లరేగడి, పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా కొల్లేటిలో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు కూడా చివరికి కొల్లేటికే చేరింది. గుమ్మడి వేళ్ళు నిలవనీటిని ఓర్వలేవు. కాబట్టి లంక గ్రామాలవారు వర్షకాలపు పంట మీద ఆశ పెట్టుకోక, పెరటి మెరక మీద, సొంత గట్ల మీద నీరు తీసిన తరువాత పాదులు పెట్టుకోవాలి. మాఘమాసపు పెళ్ళి ఉంటే మెట్ట రైతుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరుబడ్డ ఊరు. ఇటు ఏలూరు, అటు గూడెం రెండూ రైలు మార్గం మీద, పెద్ద రహదారి మీద ఉన్నవే. టోకు కొట్లో కాయ దొరకదని కాదు. కాని అక్కడ రాశిలో ఏ కాయ ఎన్నడు కోసినదో చెప్పేవారుండరు. రైతు బజారులో పండించినవారే అమ్ముతారు గనుక కోత తేదీ అడగవచ్చును. అన్నిటికంటె మేలు పొలానికి వెళ్ళి తీగ మీద చూసి మాట్లాడుకోవడం. రకాల గురించి, తెగుళ్ళ గురించి సలహా కావాలంటే తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది, కృషి విజ్ఞాన కేంద్రమూ ఉన్నది.

కోత, నిలవ, రవాణా

పొడిగా ఉన్న రోజున, రెండు అంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి. చేతితో తిప్పి తెంపవద్దు. తొడిమ పట్టుకొని ఎత్తవద్దు. వారం పది రోజులు గాలి తగిలే నీడలో ఆరనిస్తే తొక్క గట్టిపడి, చిన్న గీతలు మానుతాయి. తరువాత గడ్డి మీద గాని చెక్క మీద గాని ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. మన పెద్దలు దూలాలకు ఉట్లు కట్టి వేలాడదీసినది ఇందుకే, నాలుగు వైపులా గాలి ఆడుతుంది. ఇలా ఉంచిన ముదురు మంచి గుమ్మడి రెండు మూడు నెలలు నిలుస్తుంది. బూడిద గుమ్మడి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. వారానికొకసారి చూసి, మెత్తబడినదానిని వెంటనే వేరుచేయండి.

పుష్యంలో పెళ్ళిళ్ళు లేవని దిగులుపడకండి. ఆ నెలలో పండిన కాయ అటకెక్కితే మాఘంలో దిగుతుంది. లేతకాయకు ఈ వరం లేదు. కోసిన రోజు ధరకే అమ్ముకోవాలి, లేకపోతే కుళ్ళబెట్టుకోవాలి. పక్వం కోసం ఆగిన రైతు ధర కోసం కూడా ఆగగలడు. అసలు లాభం ఇక్కడే ఉన్నది.

బండిలో అడుగున మందంగా గడ్డి పరిచి, వరుసకూ వరుసకూ మధ్య మళ్ళీ గడ్డి వేయండి. కాయలు విసరనివ్వకండి. పైకి కనిపించని దెబ్బ మూడవ రోజున మచ్చై బయటపడుతుంది.

మాట మీద నిలబడటం

తాంబూలాలు పుచ్చుకున్ననాడే గుమ్మడికాయలకు బయానా ఇవ్వండి. ఎన్ని కాయలు, ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు, ఏ రోజున ఇవ్వాలి, కిలో ధర ఎంత, దారిలో పగిలినవి ఎవరి ఖాతా, కోస్తే లేతదో చేదుదో తేలినప్పుడు బదులు కాయ ఎలా ఇస్తారు, ఈ ఆరు సంగతులు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. కాయలు పెళ్ళికి మూడు నాలుగు రోజుల ముందే ఇంటికి చేరాలి. ముందురోజు చేరితే మార్చుకోవడానికి వ్యవధి ఉండదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీ గ్రామంలో ఈ ఏడు జరగబోయే పెళ్ళిళ్ళు ఎవరింట ఉన్నాయో మీకు తెలుసు. గుమ్మడి ఎవరు పెట్టారో కూడా మీకు తెలుసు. ఆ ఇద్దరినీ నాలుగు నెలల ముందు కలిపితే రైతుకు కొనేవారు దొరుకుతారు, పెళ్ళివారికి మంచి కాయ దొరుకుతుంది. అమ్ముడుకాని బూడిద గుమ్మడిని మహిళా సంఘాలవారు వడియాలు పెట్టుకుంటే కాయ వృథా పోదు.

రైతు సోదరులారా! ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు, గుమ్మడి తీగ ఎవరి కోసమూ తొందరపడదు. ఈ రెంటినీ కలిపే లెక్క మీ చేతిలోనే ఉన్నది. తొడిమ ఎండేదాకా ఓపిక పట్టండి, కోసిన ప్రతి కాయా రుచి చూడమని కొన్నవారికి చెప్పండి. బంతిలో కూర్చున్న పెద్దాయన ‘దప్పళం మరొక్క గరిటె వెయ్యవయ్యా’ అని, ‘కాయ ఎవరి పొలానిది?’ అని అడిగితే, వచ్చే ఏటికి మీ బేరం అక్కడే కుదిరినట్లు. సెలవు.